శ్రుతి కలిస్తే స్థితి మారుతుందా?

అమీర్‌పేటలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలుండే హాస్టల్‌లో మా మేనల్లుడు ఉంటున్నాడు. నలుగురు పడుకునే గది, పైన గరగరమనే ఫ్యాను, కింద అర్ధరాత్రి దాటినా తగ్గని బండ్ల రొద. మొన్నామధ్య రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక శబ్దం నలభై నిమిషాలు వింటే మెదడు ఆల్ఫా స్థితిలోకి వెళ్తుందట, అప్పుడు చదివింది మరిచిపోమట. నిజమేనా?" అని అడిగి, 'బైనారల్ బీట్స్' అని పేరున్న ఆ శబ్దాన్ని నాకూ పంపాడు. విన్నాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వినిపించే హోరులాంటిది, అందులో పడుతూ లేస్తూ సాగే ఒక ఊపు. అంతకుమించి ఏమీ లేదు.

అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే వాడు అడిగిన ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు మడతపడి ఉన్నాయి. మెదడుకు లయ ఉందా అన్నది మొదటిది. బయటి శబ్దం ఆ లయను తనవైపు తిప్పుకోగలదా అన్నది రెండోది. అలా తిప్పుకున్నప్పుడు మన మనఃస్థితి కూడా దాని వెంట మారుతుందా అన్నది మూడోది. మొదటిదానికి విజ్ఞానశాస్త్రం అవుననే చెబుతుంది, రెండోదానికి కొన్ని షరతులతో అవునంటుంది. ఆ రెండు అవునులనూ చూపించి మూడోదాన్ని కూడా చడీచప్పుడు లేకుండా ఒప్పించడమే ఈ రంగంలో జరుగుతున్న పొరపాటు, కొన్నిచోట్ల వ్యాపారం కూడా.

మెదడు లయను మొదట కాగితం మీదికి ఎక్కించినవాడు జర్మనీలోని యేనా నగరానికి చెందిన మానసిక వైద్యుడు హన్స్ బెర్గర్. యువకుడిగా సైన్యంలో ఉండగా ఆయన గుర్రం మీది నుంచి పడి ప్రాణాపాయం నుంచి బయటపడిన రోజునే, దూరాన ఉన్న అక్క తమ్ముడికేదో కీడు జరిగిందని కలవరపడి తండ్రి చేత తంతి ఇప్పించిందట. ఒక మనసులోని భయం మరో మనసును ఎలా చేరిందో తెలుసుకోవాలన్న పట్టుదలే ఆయన్ను మెదడులోని శక్తిని కొలిచే పనిలోకి దించింది. ఆ రహస్యం ఆయనకు దొరకలేదు గానీ, 1924లో మనిషి తల మీది నుంచి విద్యుత్ కదలికలను నమోదు చేయగలిగాడు. ఆ ఫలితాలను 1929లో ప్రచురించినప్పుడు నమ్మినవారు తక్కువ. 1934లో కేంబ్రిడ్జ్‌లో నోబెల్ గ్రహీత ఎడ్గార్ ఏడ్రియన్, తన సహచరుడు మాథ్యూస్‌తో కలిసి అవే తరంగాలను చూపించిన తరువాతే ప్రపంచం బెర్గర్ మాట చెవిన పెట్టింది. మిణుకుమిణుకుమనే వెలుగును కళ్ల ముందు ఉంచితే ఆ వెలుగు వేగానికి తగ్గట్టు మెదడు తరంగాలు కూడా మారుతాయని వాళ్లిద్దరూ గమనించారు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న విషయానికి పునాది అక్కడే పడింది.

ఆ పునాదిని నేను కళ్లారా చూసిన సందర్భం ఒకటుంది. ఇదే మేనల్లుడు పదకొండేళ్ల వయసులో బడిలో ప్రార్థన వేళ కళ్లు తిరిగి పడిపోతే, డాక్టరు ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ కదలికలను నమోదు చేసే పరీక్ష, తీయించమన్నారు. నగరంలోని ఒక ఆసుపత్రిలో టెక్నీషియన్ వాడి జుట్టును పాయలు పాయలుగా విడదీసి, టేపుతో తలను కొలిచి, చల్లటి పేస్టు అద్దుతూ ఇరవైకి పైగా తీగలు అంటించింది. తెర మీద అడ్డంగా గీతలు పరుగెత్తుతున్నాయి. ఆ గీతల్లో కనిపించేది కొన్ని పదుల మైక్రోవోల్టుల వోల్టేజీ మాత్రమే. మైక్రోవోల్టంటే వోల్టులో పది లక్షలో వంతు. పిల్లవాడు కళ్లు తెరుచుకుని చూస్తున్నంతసేపూ గీతలు చిన్నచిన్నగా, చిందరవందరగా ఉన్నాయి. "బాబూ, కళ్లు మూసుకో" అనగానే, రెప్పపాటులో, తల వెనుక భాగానికి సంబంధించిన గీతలన్నీ దువ్వెన పళ్లలా ఒకే తీరుగా లేచి నిలిచాయి. సెకనుకు సుమారు పది. అదే ఆల్ఫా లయ, బెర్గర్ చూసింది అదే.

ఆ తరువాత ఆమె వాడి ముఖం ముందు ఒక దీపం పెట్టి తళుకుతళుకుమని వెలిగించింది. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోయింది. కళ్లు మూసుకునే ఉన్నా ఆ వెలుగు రెప్పల్లోంచి లోపలికి వెళ్తుంది. సెకనుకు పదిసార్లు వెలిగినప్పుడు తల వెనుక గీతలు కూడా సెకనుకు పది చొప్పున దానితో అడుగు కలిపాయి, పన్నెండు అయితే పన్నెండు. దీపం ఆపితే అదీ ఆగింది. మెదడు బయటి లయను అనుసరించడమంటే ఏమిటో నాకు అంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు. తీగలు తీశాక, ఎలా అనిపించిందిరా అని అడిగితే వాడు చెప్పిన మాట, "ఆకలేస్తోంది మామయ్యా." పది హెర్ట్జ్, అంటే సెకనుకు పదిసార్లు కదిలే ఆల్ఫా లయను అంతసేపు బయటి నుంచి అందుకున్న ఆ పిల్లవాడికి ప్రశాంతతా రాలేదు, ఏకాగ్రతా రాలేదు. రిపోర్టులో ఏ తేడా లేదని వచ్చింది, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

మెదడు తరంగాలను వేగాన్ని బట్టి విభజించడం వాడుకలో ఉంది. సెకనుకు నాలుగు లోపు ఉంటే డెల్టా, నాలుగు నుంచి ఎనిమిది థీటా, ఎనిమిది నుంచి పదమూడు ఆల్ఫా, ముప్పై వరకు బీటా, ఆపైన గామా. గాఢనిద్రలో డెల్టా, మగతలో థీటా, కళ్లు మూసుకుని విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆల్ఫా ప్రముఖంగా కనిపిస్తాయన్నది నిజం. అయితే ఏ క్షణంలోనైనా ఇవన్నీ మెదడులో ఎంతో కొంత ఉంటూనే ఉంటాయి, పైగా ఒకే తరంగం ఒక్కో చోట ఒక్కో పని చేస్తుంది. కళ్లు మూసుకుంటే ఆల్ఫా పెరగడానికి, చూపుకు సంబంధించిన భాగం పని తగ్గించుకోవడం ఒక కారణం. దాన్ని ధ్యానానికి పర్యాయపదంగా మార్చింది ప్రచారమే. నిద్రపోయినవాడి మెదడులో డెల్టా ఉంటుంది గనుక డెల్టాను పుట్టిస్తే నిద్ర పడుతుందనడం, తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ తర్కం లాంటిది. కోడి కూతకూ తెల్లవారడానికీ సంబంధం ఉంది, కానీ అవ్వ అనుకున్న వైపు నుంచి కాదు.

ఇక రెండో ప్రశ్నను కొంచెం దగ్గరగా చూడాలి. శాస్త్రవేత్తలు ఎంట్రెయిన్‌మెంట్ అనేదాన్ని ఇక్కడ లయానుసరణ అందాం. 1665లో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి మంచం మీద ఉండగా, ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలక గడియారాలు, ఎలా కదిలించి వదిలినా, కొంతసేపటికి ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఊగడం గమనించాడు. దూలం ద్వారా అందే అతిసూక్ష్మమైన కదలికే వాటిని కలిపింది. ఇందులో కీలకం ఏమిటంటే, ఆ రెండింటికీ ముందే సొంత లయ ఉంది, ఆ లయలు దాదాపు ఒకే వేగంలో ఉన్నాయి. ఊగుతున్న ఉయ్యాలను దాని ఊపుకు దగ్గరైన వేళలో తడితే అది మన చేతి లయకు లొంగుతుంది, మరీ వేరైన వేగంతో తడితే ఊపు చెడుతుందే తప్ప లయ కుదరదు. మరి తలుపు మీద సెకనుకు పదిసార్లు కొడితే పది చప్పుళ్లు వస్తాయి, అంతమాత్రాన తలుపుకు పది హెర్ట్జ్ లయ అబ్బిందని అనం. మెదడు విషయంలో తెర మీద కనిపించేది ఉయ్యాల ఊపా, తలుపు చప్పుడా అన్నది పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్న ప్రశ్న. బయటి శబ్దం ఆపాక కూడా ఆ లయ నాలుగైదు ఆవృత్తాలైనా సొంతంగా సాగితే అది ఉయ్యాలే అనుకోవచ్చు. శబ్దంతోపాటే ఠక్కున ఆగితే, ప్రతి చప్పుడుకూ మెదడు విడివిడిగా ఇచ్చిన జవాబుల వరుస అయివుండవచ్చు. పైగా మనుషుల ఆల్ఫా వేగం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా, తొమ్మిది ఒకరికి, పదకొండు మరొకరికి ఉంటుంది. లోకమంతటికీ ఒకే రికార్డింగ్ పనిచేస్తుందనే మాట అక్కడే బలహీనపడుతుంది.

ఇంతకీ సెకనుకు పది కంపనాల శబ్దాన్ని మన చెవి వినజాలదు, ఎందుకంటే మన వినికిడి సుమారు ఇరవై హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అందుకే ఒక ఉపాయం కావలసివచ్చింది. ఆ ఉపాయం సంగీతం తెలిసినవారికి కొత్తది కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీకి ముందు, తెర వెనుక తంబుర శ్రుతి చేస్తుంటే ఒక్కసారి దగ్గర కూర్చుని వినండి. సారణి, అనుసారణి తీగలు రెండూ ఒకే షడ్జమంలో పలకాలి. రెండింటికీ రవ్వంత తేడా ఉంటే నాదం నిలకడగా ఉండదు, అల లేచి పడినట్లు ఊగుతుంది. ఒకటి 200, మరొకటి 204 కంపనాలతో మోగితే ఆ ఊపు సెకనుకు నాలుగు. తీగ కింది పూసను వేలితో కాస్త జరిపేకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది, సెకనుకు రెండు, తరువాత ఒకటి, ఆపైన ఒక దీర్ఘమైన నిట్టూర్పు లాంటి అల, చివరికి అదీ కరిగిపోయి రెండు తీగలూ ఒకటవుతాయి. మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విస్పందనాలని చదువుకున్నది దీన్నే.

తంబురలో ఈ కలయిక గాలిలో జరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ విల్హెల్మ్ డోవ్ సుమారు 1840 ప్రాంతంలో గమనించింది ఏమిటంటే, ఆ రెండు నాదాలనూ గాలిలో కలవనీయకుండా ఒక్కో చెవికి ఒక్కొక్కటి వినిపించినా, లోపల ఆ ఊపు వినిపిస్తుందని. అంటే ఊపును పుట్టిస్తున్నది గాలి కాదు, మెదడే. దీన్నే బైనారల్ బీట్స్ అంటున్నారు. దీని వెనుక ఉన్న యంత్రాంగం ఎంతో అందమైనది. పంజాగుట్ట చౌరస్తాలో రోడ్డు దాటుతున్నప్పుడు వెనుక నుంచి ఆటో హారన్ వినిపిస్తే, అది ఏ వైపు నుంచి వచ్చిందో చూడకుండానే చెప్పగలం. శబ్దం ఒక చెవిని చేరాక రెండో చెవిని చేరడానికి పట్టే వ్యవధి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. మెదడు కాండంలో సుపీరియర్ ఆలివరీ కాంప్లెక్స్ అనే చోట ఉండే నాడీకణాలు ఆ తేడాను కొలుస్తాయి. ఒక చెవికి 200, మరో చెవికి 210 హెర్ట్జ్ పంపితే రెండింటి మధ్య తేడా క్షణక్షణానికి మారిపోతూ, శబ్దం ఏ వైపు నుంచి వస్తున్నదో తేల్చుకోలేని ఆ కణాల జవాబు సెకనుకు పదిసార్లు ఊగుతుంది. శ్రవణనాడి శబ్దతరంగం వెంట కచ్చితంగా నడవగలిగేది తక్కువ స్థాయి నాదాల్లోనే కాబట్టి, సుమారు వెయ్యి హెర్ట్జ్ దాటిన నాదాలతో ఈ ఊపు స్పష్టంగా పుట్టదు. ఫోన్ స్పీకర్లో పెట్టి వింటే రెండు నాదాలూ గాలిలోనే కలిసిపోతాయి గనుక అప్పుడు మనం వింటున్నది తంబుర విస్పందనాలనే. బైనారల్ అని పేరు రాసి ఉన్న రికార్డింగులను పక్కన స్పీకర్లో పెట్టుకుని ధ్యానం చేసేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఈ ఊపు మెదడు పైపొర దాకా చేరుతుందా అంటే, బలహీనంగానే అయినా చేరుతున్నట్లు కొన్ని ప్రయోగాలు చూపాయి, మరికొన్నింటిలో కనిపించలేదు. 2023లో వెలువడిన ఒక సమీక్ష, బైనారల్ బీట్స్ వల్ల మెదడు తరంగాలు మారాయా లేదా అని చూసిన 14 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి పరిశీలించింది. వాటిలో ఐదు అవునన్నాయి, ఎనిమిది విరుద్ధంగా వచ్చాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా మిగిలింది. 2020లో మాంట్రియల్ పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు ఇంకా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది. వాళ్లు బైనారల్ ఊపునూ, గాలిలోనే కలిపిన మామూలు ఊపునూ ఒకే మనుషులకు వినిపించారు. మెదడు రెండింటినీ అనుసరించింది, నిజానికి మామూలు ఊపునే ఎక్కువగా అనుసరించింది. వినేవారి మనఃస్థితి మాత్రం ఏ ఒక్కదానితోనూ మారలేదు. మా మేనల్లుడి ఈఈజీ గది నాకు మళ్లీ గుర్తొచ్చింది.

అలాగని అంతా వట్టిదేనని కొట్టిపారేయడమూ న్యాయం కాదు. శస్త్రచికిత్సకు ముందు రోగులకు బైనారల్ బీట్స్ వినిపించిన 2005 నాటి ఒక అధ్యయనంలో ఆందోళన కొలత దాదాపు 26 శాతం తగ్గింది. ఆ ఊపు లేని శబ్దాన్ని విన్నవారిలో 11 శాతం, ఏమీ విననివారిలో 4 శాతం లోపే తగ్గింది. ఆందోళన, నొప్పి విషయాల్లో ఇలాంటి మంచి ఫలితాలు మరికొన్ని ఉన్నాయి. అవి మెదడు తరంగాలు మారడం వల్లే వచ్చాయా, లేక శ్రద్ధగా ఒక నాదం వింటూ కదలకుండా పడుకోవడం వల్ల, మేలు జరుగుతుందన్న ఆశ వల్ల వచ్చాయా అన్నది మాత్రం అలాంటి అధ్యయనాల్లో తేలదు.

లష్కర్ బోనాల నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహాంకాళి గుడి వీధుల్లో ఒక్క పూట నిలబడినవారికి, శబ్దం మనిషిని కదిలించదని చెబితే నమ్మరు, నమ్మకూడదు కూడా. డప్పు తీన్మార్ అందుకుంటే పాదం దానంతటదే లేస్తుంది, శివసత్తులకు పూనకం వస్తుంది. 1960ల మొదట్లో ఆండ్రూ నెహర్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రయోగశాలలో డప్పు లయ వినిపించి మెదడు తరంగాలు ఆ లయను అనుసరించడం చూసి, ప్రపంచమంతటా జాతరల్లో కనిపించే పూనకాలకు ఇదే కారణమని ప్రతిపాదించాడు. ఫ్రెంచి సంగీత పరిశోధకుడు జిల్బేర్ రూజే దాన్ని గట్టిగా ఖండించాడు, డప్పు దరువే కారణమైతే ఆఫ్రికాలో సగం మంది ఏడాది పొడవునా పూనకంలోనే ఉండాలి కదా అన్నది ఆయన వాదన. మన ఊరికి అన్వయించుకుంటే, ఆషాఢమంతా ఆ దరువు వినే పోలీసులు, దుకాణదారులు, బాల్కనీల్లోంచి చూసేవారు, స్వయంగా డప్పు కొట్టే కళాకారులు, అందరి చెవుల్లోనూ పడేది అదే లయ. పూనకం వచ్చేది కొందరికే. ఉపవాసం, పసుపు నీళ్లు, వేపాకు వాసన, చిన్నప్పటి నుంచి చూసిన అమ్మవారి తీరు, ఆ క్షణంలో తన నుంచి ఆ జనమంతా ఎదురుచూసేదేమిటో తెలిసివుండడం, ఇవన్నీ ఆ లయతో కలుస్తాయి. ఆ విశ్వాసం మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకే దరువు ఒకరిని అమ్మవారి సన్నిధికి, మరొకరిని పెళ్లి బారాత్ జ్ఞాపకంలోకి తీసుకుపోతుందంటే, స్థితిని నిర్ణయించేది హెర్ట్జ్ ఒక్కటే కాదని మాత్రమే నేను అంటున్నాను.

శబ్దం స్థితిని మార్చే దారుల్లో అన్నిటికన్నా నమ్మదగినది ఊపిరి. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో, క్రైస్తవుల జపమాల ప్రార్థననూ ఒక యోగ మంత్రాన్నీ చదివేవారి ఊపిరిని కొలిచి, రెండింటిలోనూ అది నిమిషానికి సుమారు ఆరుకు దిగుతుందని చూపింది. ఆ వేగం రక్తపోటును సర్దే శరీర యంత్రాంగపు సహజ లయకు దగ్గరగా ఉంటుంది, అందువల్ల గుండె లయ, రక్తపోటు, శ్వాస ఒకదానితో ఒకటి కలుస్తాయి. హైగెన్స్ గడియారాల మాట నిజంగా వర్తించేది ఇక్కడ. ఏ మతానిదైనా, అర్థం ఏదైనా, ఒక దమ్ములో పలికే వాక్యం నిడివే ఊపిరిని దించుతోంది. అదే బృందం 2006లో రకరకాల సంగీతాలు, వాటిలో ఒక సితార్ రాగం కూడా, వినిపించి చూసింది. సంగీతం వేగం పెరిగితే ఊపిరీ గుండె వేగమూ పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు శబ్దం ఆపినప్పుడు మాత్రం గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలవ్వక ముందున్న స్థాయి కన్నా కిందికి దిగాయి. వారి కొలతల్లో మనుషులు అన్నిటికన్నా విశ్రాంతిగా ఉన్నది ఆ నిశ్శబ్దంలోనే.

వైద్యంలో లయానుసరణకు దక్కిన చోట్లు కూడా ప్రచారంలో వినిపించేవి కావు. పార్కిన్సన్స్ వ్యాధితో అడుగు తడబడేవారికి నిలకడైన తాళం వినిపిస్తే నడక వేగం, అడుగు నిడివి మెరుగుపడతాయని 1990ల నుంచి చూస్తున్నారు. నిద్రపోతున్న పసిబిడ్డ వినికిడిని పరీక్షించడానికి, ఊగే నాదానికి మెదడు ఇచ్చే జవాబునే కొలుస్తారు. జర్మనీలో 2013లో చేసిన ప్రయోగం మరీ ఆసక్తికరమైనది. అక్కడ శబ్దం తరంగాన్ని లాగలేదు, ముందుగా యంత్రం నిద్రలోని డెల్టా అలను కనిపెట్టి, అది పైకి లేచే క్షణానికి సరిగ్గా ఒక మెత్తని చప్పుడు అందించింది. గాయకుడి మనోధర్మాన్ని కనిపెట్టి వాయించే మృదంగ విద్వాంసుడి పద్ధతి అది. నిద్రకు ముందు నేర్చుకున్న పదాల జతలు ఉదయానికి ఎక్కువగా గుర్తున్నాయి. అదే చప్పుడును అలకు పొసగని వేళలో అందిస్తే ఆ లాభం రాలేదు. నలభై హెర్ట్జ్ వెలుగు, శబ్దాలతో ఎలుకల మెదడులో అల్జైమర్స్‌కు సంబంధించిన ప్రొటీన్ తగ్గిందని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2016, 2019ల్లో ప్రకటించారు. 2023లో మరో బృందం నలభై హెర్ట్జ్ వెలుగుతో చేసిన ప్రయోగంలో అదే ఫలితం రాలేదు. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు మందులకు బదులుగా వాడే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోవాలి.

జాగ్రత్త పడవలసినవి రెండే. శబ్దంతోపాటు మిణుకుమనే వెలుగును కూడా చూపించే కళ్లద్దాలు, యాప్‌లు మూర్ఛ ఉన్నవారికి ప్రమాదకరం. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు నీలం రంగులు సెకనుకు సుమారు పన్నెండుసార్లు మెరిసినప్పుడు దాదాపు 685 మందిని, వారిలో ఎక్కువమంది పిల్లలే, ఆసుపత్రులకు తరలించారు. రెండోది వినికిడి. పెద్దవాళ్లకు ఎనభై డెసిబెల్స్ మించకుండా వారానికి నలభై గంటలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు. బజారు రొదను మించి వినిపించాలని సౌండు పెంచిన ఇయర్‌ఫోన్లు ఆ హద్దును సులువుగా దాటతాయి.

ఈ విషయాలన్నీ ఒక ఆదివారం అమీర్‌పేట వెళ్లి, హాస్టల్ కింద ఇరానీ చాయ్ తాగుతూ వాడికి చెప్పాను. అంతా విని, "మరి అది పెట్టుకున్నప్పుడు నిజంగానే బాగా చదువుతున్నాను కదా మామయ్యా?" అన్నాడు. అయితే ఒక పని చెయ్యమన్నాను. వారం రోజులు ఆ రికార్డింగ్, ఇంకో వారం అంతే సౌండుతో ఊపేమీ లేని వాన చప్పుడు విని, రోజూ ఎన్ని పేజీలు చదివాడో రాసుకోమన్నాను. రెండు వారాల తరువాత నోటుబుక్కు ఫొటో పంపాడు. రెండు నిలువు వరుసల్లోనూ అంకెలు ఇంచుమించు ఒకటే. ఒకే ఒక్క రోజు, రెండో వారం గురువారం, అంకె సగానికి పడిపోయింది. దాని పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: "ఇయర్‌ఫోన్లు చార్జింగ్ లేవు. పక్క మంచం వాడు రాత్రంతా ఫోన్లో మాట్లాడాడు."